భాద్రపదంలో కోసిన తంగేడు

పెంటయ్య కంచె కత్తిరించేటప్పుడు కత్తెర కంటే ఎడమ చేతిని ఎక్కువగా వాడతాడు. ముందు ఆ చేత్తో కొమ్మను కింది నుంచి కొస దాకా ఒకసారి తడుముతాడు. వేళ్ళు ఏ కణుపు దగ్గర ఆగితే అక్కడ కత్తెర పడుతుంది. కొన్ని కొమ్మలను తడిమి అలాగే వదిలేస్తాడు. ఎందుకు వదిలాడో చూసేవాళ్ళకు తెలియదు. మా అపార్ట్‌మెంట్ల మేనేజర్ రాకేష్‌కు ఈ పద్ధతి చూస్తే ఒళ్ళు మంట.

"అరవై మీటర్ల కంచెకు ఆరు రోజులా పెంటయ్యా? మిషిన్ పెడితే టిఫిన్ లోపల అయిపోతది."

పెంటయ్య తల ఎత్తేవాడు కాదు. "మిషినికి చెయ్యి లేదు సారు. దానికేం తెలుస్తది?"

మేముండేది గోపన్‌పల్లిలో. నాలుగు బ్లాకులు, మధ్యలో పిల్లలు ఆడుకునే స్థలం, దాని చుట్టూ ఈ కంచె. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అయితే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు ఉంటాయి. నిగనిగలాడే చిన్న ఆకులు, గోడ కట్టినట్టు తిన్నని అంచులు. మాది మాత్రం తంగేడు కంచె. రోడ్డు పక్క, గుట్టల మీద, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పెరిగే పొద. బిల్డర్ పెట్టి వెళ్ళిన మొక్కలు మొదటి వేసవిలోనే మాడిపోయాయి. కింద అంతా మొరం, దాని కింద బండ. అప్పుడు పెంటయ్య, "నన్ను ఏయనియ్యున్రి, ఈ రాళ్ళకు పడే చెట్టు నాకెరుక" అని అడిగి, జోగిపేట దగ్గరున్న తన ఊరి నుంచి పాత పంచె కొంగులో గింజలు మూటగట్టుకొచ్చాడు.

తంగేడు గింజ పైపొర గట్టిది. అలాగే నాటితే ఏడాదైనా మొలవకపోవచ్చు. పెంటయ్య గింజలను ఇసుకలో వేసి అరచేతుల మధ్య రుద్ది, వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి నాటాడు. నేను సైన్సు చదివినవాణ్ణి. ఆ పైపొర గురించి పుస్తకంలో రెండు పేజీలు చదివాను కానీ ఒక్క గింజనూ మొలిపించలేదు. ఈ సంగతి అతను చెప్పినప్పుడు, "ఇది మీకెవరు నేర్పారు పెంటయ్యగారూ?" అని అడిగాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. "గారు అంటె ఇంకెవరన్న వచ్చిన్రేమో అనుకున్న. నన్నేనా?" అని నవ్వి, "మేకలు నేర్పినయి సారు. అవి తిని పెంటికలేసిన కాడ మస్తు మొలుస్తుండె. ఎందుకా అని చూసిన" అన్నాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో పని దొరకక ముప్పై ఏళ్ళ కిందట నగరానికి మట్టి పనికి వచ్చాడు. ఆ తర్వాత హైటెక్ సిటీ రోడ్ల మధ్య పెంచే మొక్కలకు ట్యాంకరుతో నీళ్ళు పట్టే పని దొరికింది. కత్తెర పట్టింది అక్కడే. పదకొండేళ్ళు అటూ ఇటూ బండ్లు పోతుంటే మధ్యలో నిలబడి కంచెలు కోశాడు. ప్రతి వారం కొలతపెట్టి తిన్నగా కోయాలి. కొస మీద మొగ్గ వచ్చే లోపే మళ్ళీ కత్తెర పడేది.

"పదకొండేండ్లు కోసిన సారు. ఒక్క పువ్వు చూడలే. పువ్వు చెట్లే అవన్ని. పూయనిస్తె గద!"

మా దగ్గర తోటపనికి చేరాక అతను కోరుకున్నది ఒక్కటే, తన చేత్తో కోసిన కంచె బతుకమ్మ పండుగకు పూయాలని. మాది రాజమండ్రి వైపు. తంగేడు లేకుండా ఇక్కడ బతుకమ్మ పేర్చరని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పళ్ళెంలో మొదటి వరస తంగేడుదేనట. పెంటయ్య భార్య పోచమ్మ మా దగ్గరే హౌస్ కీపింగ్‌లో పనిచేస్తుంది. ప్రతి ఏడాదీ ఆమే బతుకమ్మ పేర్చేది, లింగంపల్లి మార్కెట్ నుంచి తెచ్చిన వాడిన పూలతో.

కానీ ఆ కంచె మొదటి రెండేళ్ళు వేళ్ళు దింపుకోవడానికే సరిపోయింది. అక్కడక్కడ నాలుగు పూలు పూసిందంతే. ఈ వేసవిలో అసోసియేషన్ ప్రెసిడెంట్ పార్థసారథిగారు దాన్ని పీకించి నర్సరీ కంచె వేయిద్దామని కమిటీలో పెట్టారు. ఆయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన మనిషి. ఏదైనా గీత గీసినట్టు ఉండాలి. పెంటయ్య మీటింగు గది గుమ్మం దగ్గర నిలబడి, "ఈ బతుకమ్మ దాక ఆగున్రి సారు" అని అడిగాడు.

"పూస్తుందంటావా?"

"పూస్తది సారు. ఆషాఢంల నేను కోస్త. ఆ తర్వాత ఎవలు ముట్టకుంటె, పండుగ నాటికి పూలల్ల ఆకు కనపడదు."

"సరే. బతుకమ్మకి పూస్తే ఉంచుదాం. లేకపోతే మాత్రం నన్నేమీ అనకు" అన్నారు పార్థసారథిగారు.

ఆషాఢంలో పెంటయ్య కోశాడు, తన పద్ధతిలో, ఆరు రోజులు. వానలు పడ్డాయి. శ్రావణం ముగిసేసరికి కంచె నా భుజం దాకా లేచింది.

తప్పు జరిగింది ఆ ఎత్తు వల్లనే. చేసింది నేను.

మా పాప సంయుక్తకు మూడున్నరేళ్ళు. వినాయక చవితి మర్నాటి సాయంత్రం జారుడుబల్ల దగ్గర ఆడుతూ కంచె వెనక్కి వెళ్ళింది. బెంచీ మీద నుంచి చూస్తే కనిపించలేదు. పిలిస్తే పలకలేదు. పరిగెత్తాను. ఒకటిన్నర నిమిషం అయి ఉంటుంది. కంచె అవతల గొంతుక్కూర్చుని తంగేడాకు మీద పాకుతున్న పచ్చ గొంగళిపురుగును చూస్తోంది. ఏమీ కాలేదు. అయినా ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. అటువైపు గేటు ఉంది. గేటు అవతల నీళ్ళ ట్యాంకర్లు తిరిగే రోడ్డు.

భోజనం ముందు నుంచి లేచి అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. కంచెను నడుము కిందికి కోయించమని రాశాను. అక్కడితో ఆగి ఉంటే పెంటయ్య వచ్చాక మాట్లాడదామని ఎవరైనా అనేవారేమో. నేను కారణం కూడా రాశాను. కొమ్మ కొసలో తయారయ్యే ఒక హార్మోను పక్క మొగ్గలను ఎదగనివ్వదని, కొస తీసేస్తే పక్క కొమ్మలు పుట్టుకొస్తాయని, ఎన్ని కొమ్మలైతే అన్ని పూలని. కాబట్టి ఇప్పుడు కోస్తే పిల్లలూ కనిపిస్తారు, పండుగకు పూలూ రెట్టింపవుతాయి. చదువుకున్నవాడి మాటలా ఉంది. పది నిమిషాల్లో పద్దెనిమిది బొటనవేళ్ళు లేచాయి.

పెంటయ్య అప్పుడు ఊళ్ళో లేడు. చిన్నాయన దినాలకని జోగిపేట వెళ్ళాడు. రాకేష్‌కు అంతకంటే ఏం కావాలి? రెండు రోజుల తర్వాత పొద్దున్నే మిషిన్ తెప్పించాడు. అన్నట్టే టిఫిన్ లోపల అయిపోయింది. కంచె మోకాలెత్తున, గోడలా, ఎంతో అందంగా ఉంది. నేను బెంచీ మీద కూర్చుని పాపను చూసుకున్నాను. నిశ్చింతగా అనిపించింది.

శుక్రవారం పెంటయ్య తిరిగొచ్చాడు. నేను పాపను స్కూలు వ్యాను ఎక్కించి వస్తుంటే చెత్త వేసే చోట కూర్చుని కనిపించాడు. వాడిన తంగేడు కొసలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు.

"పెంటయ్యగారూ, ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే సారు. ఇటు రా, జర ఇది చూడు."

ఒక కొసను గోటితో చీల్చి నా ముందు పెట్టాడు. ఆకుల మడతలో బియ్యపు నూకల్లాంటివి గుత్తిగా ఉన్నాయి. చూడగానే నాకు అర్థమైంది. పూమొగ్గలు. అరవై మీటర్ల పొడుగునా ప్రతి కొసలోనూ అవి కూర్చుని ఉన్న వారంలోనే కోయించాను. నేను చదివిన సూత్రం తప్పు కాదు. ఎప్పుడు అన్నది ఆ సూత్రంలో లేదు.

"ఎవలు చెప్పిన్రో ఏమో సారు. రాకేష్ సారును అడిగితె అందరు అన్నరంటడు. అందరు అంటె ఎవలు? అందరు అనేటోడు ఒకడు ఉంటడా?"

చెప్పకుండా ఉండొచ్చు. గ్రూపులో పెంటయ్య లేడు.

"నేనే చెప్పానండి" అన్నాను.

అతను కొసను కింద పెట్టి నా మొహం చూశాడు. నేను పాప సంగతి, గేటు సంగతి, రోడ్డు సంగతి అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పుకొచ్చాను. హార్మోను గురించి కూడా చెప్పాను. విన్నాడు.

"బిడ్డ కనవడకుంటె పరేషానే సారు. తప్పు లేదు. నన్నడిగితె నువ్వు కూసునే బెంచి ముంగట ఒక బారెడు కిందికి కోసిస్తుంటి గద. కిటికీ తీరు. మొత్తం కోయాల్నా?"

"నాకు తోచలేదు."

"అడగాలె సారు. నాకు ఫోనున్నది." లేచి పంచె దులుపుకున్నాడు. "ఇగ పండుగకు ఇరవై మూడు దినాలు. పూస్తదో లేదో."

ఆ రోజు నుంచి పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు ఒక అరగంట అతని దగ్గర నిలబడేవాణ్ణి. సాయం చేశానని చెప్పలేను. మొదటి రోజే యూరియా తెస్తానన్నాను.

"తెచ్చి నీ బాల్కనీల ఏసుకో" అన్నాడు. "యూరియా ఏస్తె ఆకు మస్తుగ వస్తది. పువ్వు రమ్మంటె రాదు. ఆకుతోటి బతుకమ్మ పేరుస్తవా?"

అతను పాదులు తవ్వి, పేడనీళ్ళు పలుచగా పోశాడు. కోసిన ప్రతి మోడుకూ పక్కల నుంచి అయిదారు చిగుళ్ళు తోసుకొచ్చాయి. నా సూత్రం చెప్పినట్టే. పెంటయ్య వాటిని వేళ్ళతో తడిమి, బలమైనవి రెండు ఉంచి మిగిలినవి గిల్లేశాడు. అన్నీ ఉంచితే అన్నీ సన్నబడి ఒక్కటీ పూయదని అన్నాడు. అరవై మీటర్లు. పోచమ్మ తన పని ముగించుకుని సాయంత్రాలు వచ్చి అటు చివరి నుంచి గిల్లేది.

"ముసలాయన పండుగ ముంగట నాకు పని పెట్టిండు" అనేది నాతో. "ఎవడో చదువుకున్నోడు కోయించిండట సారు. మీకెరుకేనా ఆయన?"

పెంటయ్య నా పేరు ఇంట్లో కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. "నేనేనమ్మా" అన్నాను. పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో సారూ" అని, ఆ తర్వాత వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

పండుగ మొదటి రోజు ఎంగిలిపూల నాటికి కంచె నడుము దాకా వచ్చింది. పచ్చగా ఉంది. ఒక్క పువ్వు లేదు. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి కొసల్లో నూకల్లాంటి మొగ్గలు కనిపించాయి, కానీ అవి విచ్చుకోవడానికి ఇంకా మూడు నాలుగు వారాలు పట్టేలా ఉంది. ఆ ఏడాది కంచె పూలే ఉంటాయని మార్కెట్ నుంచి పూలు ముందుగా తెప్పించలేదు. పెంటయ్య తెల్లవారుజామునే లేచి బస్సెక్కి కొల్లూరు అవతలి గుట్టలకు పోయి, రెండు సంచుల తంగేడు కోసుకొచ్చాడు. మధ్యాహ్నానికి పోచమ్మ నడుమెత్తు బతుకమ్మ పేర్చింది.

సాయంత్రం అందరూ చేరారు. పార్థసారథిగారు సంవత్సరానికి ఒకసారి మైకు పట్టుకుంటారు. పసుపుపచ్చగా మెరిసిపోతున్న బతుకమ్మను చూసి ముచ్చటపడ్డారు.

"పెంటయ్య మాట నిలబెట్టుకున్నాడండి! మన కంచె పూలతో మన బతుకమ్మ. ఇక కంచె మార్చే ప్రసక్తే లేదు" అన్నారు.

చప్పట్లు కొట్టారు. కంచె అక్కడికి వంద అడుగుల దూరంలో చీకట్లో ఉంది. ఎవరూ వెళ్ళి చూడరు. నేను కూడా చప్పట్లు కొట్టబోయాను.

పెంటయ్య వెనక వరసలో నుంచి ముందుకు వచ్చాడు. "సారు, ఇవి మన కంచెయి కావు. గుట్టలకెల్లి తెచ్చిన. మనది ఇంక మొగ్గల మీదనే ఉన్నది."

పోచమ్మ అతని చొక్కా పట్టుకుని లాగింది. గొంతు తగ్గించే అన్నా నాకు వినబడింది. "నోరు మూసుకుంటె నీదేం పోతుండె? పూసినయని ఆయన నోటితోనే అంటుండె గద!"

"పూయని చెట్టును పూసిందంటె ఎట్లనే? పొద్దున చెట్టు మొకం చూడొద్దా నేను?"

పార్థసారథిగారు మైకు కిందికి దించారు. ఆటపాటలు మొదలయ్యాక నేను ఆయన దగ్గరకు వెళ్ళాను. భాద్రపదంలో కోయించింది నేనని, అది కోయకుంటే పూసేదని, తప్పు పెంటయ్యది కాదని చెప్పాను.

"ఆ మెసేజ్ మీదేనా? సైన్సు అదీ రాశారు, చాలా బాగుందండి" అన్నారాయన. కాస్త ఆగి, "నేనూ బొటనవేలు పెట్టాను" అన్నారు.

"ఇంకో నెల చూద్దాం సార్. కార్తీకంలో పూస్తుంది."

"మాట బతుకమ్మ దాకా అనుకున్నాం. నర్సరీవాడికి చెప్పేశాను కూడా." ఆలోచించారు. "సరే. కార్తీకంలో మూడో ఆదివారం కంచె దగ్గరే మీటింగు పెడదాం. అందరూ కళ్ళతో చూసి చెప్తారు. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

దీపావళి తర్వాత నాలుగో రోజు మొదటి పువ్వు విచ్చుకుంది. వారానికల్లా కంచె మొత్తం పూసింది. నేను అంతకుముందు తంగేడు పూలను విడిగానో, పళ్ళెంలోనో చూశానే తప్ప ఇలా చూడలేదు. కింది నుంచి పై దాకా పసుపు. వెనక ఆకు ఉందో లేదో తెలియదు. పొద్దున ఎండ పడితే బెంచీ మీద కూర్చున్నవాళ్ళ మొహాలు కూడా పసుపుగా కనిపించేవి. సామాన్లు తెచ్చే కుర్రాళ్ళు బండి ఆపి ఫోటోలు తీసుకున్నారు. బి బ్లాకు ముసలాయన ఒకరు నడక మానేసి అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు.

రెండో కార్తీక సోమవారం పార్థసారథిగారి భార్య బాలాత్రిపురసుందరిగారు పూలసజ్జతో వచ్చారు. పెంటయ్య చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, జర ఆగున్రి. తెంపకున్రి."

"అదేంటయ్యా? పూలు కోసుకోవడానికే కదా పెంచావు? శివుడికయ్యా, నాకు కాదు."

"శివునికి నేను చెప్పుకుంట తల్లి. మూడో ఆదివారం దాక ఒక్క పువ్వు తక్కువ కావొద్దు. సారు వచ్చి చూస్తరు."

"మా ఆయనా? ఆయనకి దగ్గరున్న కళ్ళజోడే కనపడదు, నీ పూలు లెక్కపెడతాడా!" అని నవ్వుతూనే ఆవిడ సజ్జ వెనక్కి పట్టుకెళ్ళారు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇది బతుకమ్మకే పూసి ఉంటే తొమ్మిది రోజుల్లో అంతా తెంపేసేవాళ్ళు. కంచె కంచెగా పూసి నిలబడటం ఎవరూ చూసేవారు కాదు. పండుగ దాటి పూసింది కాబట్టే అందరి కంటా పడింది. ఈ మాట పెంటయ్యతో అన్నాను. అతనికి ఊరట కలుగుతుందనుకున్నాను. నిజానికి నాకు కావాలి ఆ ఊరట.

అతను ఒక గుత్తిని కొస నుంచి కిందికి తడుముతూ విన్నాడు.

"నువ్వు గట్ల అనుకో సారు, నీకు నిద్ర వస్తది. నేను పండుగకు పూయిస్తనన్న. పూయలే. నాకైతె మనసు ఒప్పుతలేదు."

మూడో ఆదివారం మీటింగు పది నిమిషాల్లో ముగిసింది. పార్థసారథిగారు కంచె వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచారు. తిరిగి వచ్చి, "చేతులెత్తమంటారా, అక్కర్లేదా?" అని అడిగారు. ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేకపోయింది. నర్సరీవాడికి వద్దని చెప్పమని రాకేష్‌కు అక్కడే చెప్పారు.

"ఏం పెంటయ్యా, సంతోషమేనా?"

"సంతోషమే సారు. ఒక్కటి రాసియ్యున్రి. మిషిని దీని దగ్గరికి రావొద్దని."

రాకేష్ అటు తిరిగి నిలబడ్డాడు. పార్థసారథిగారు మినిట్స్ పుస్తకం నాకు ఇచ్చి రాయమన్నారు. ఈ కంచెను యంత్రంతో కోయరాదు, తోటమాలి చేతితోనే కోయాలి, జూలై దాటాక కోయరాదు అని రాసి పైకి చదివాను. పెంటయ్యకు చదువు రాదు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"జూలై ఎందుకు రాసినవ్?"

"ఆషాఢం అంటే సుమారుగా జూలైయే కదండి."

"బతుకమ్మ జూలైని చూసి రాదు గద సారు. ఆషాఢం దాటినంక కత్తెర పెట్టొద్దని రాయి. రేపు నేనుండకపోతె ఇంకొకడు వస్తడు. వాడు ఇది చూసి కోయాలె."

జూలై కొట్టేసి, పైన ఆషాఢం అని రాశాను. పెంటయ్య ఆ మాట మీద వేలు పెట్టి, అదేనా అని అడిగాడు. అదేనన్నాను. అతను కంచె వైపు తిరిగి, అక్కడ పూలసజ్జ పట్టుకుని ఎదురుచూస్తున్న బాలాత్రిపురసుందరిగారితో, "ఇగ తెంపుకోన్రమ్మా. కొస విరగకుంట, పువ్వు కాడికి తెంపున్రి" అన్నాడు.